పసుపంటిన నోట్లు

తెల్లవారుజాము మూడున్నర.
సుకోహర్జోలో కోళ్ళకంటే ముందు
మా పోనిరా పెద్దమ్మ రాయి లేస్తుంది.

మొదట పచ్చి పసుపు కొమ్ములు.
మట్టి కడుగుతుంది, తొక్క తియ్యదు.
"తొక్కలో ఏముందో తొక్కకి తెలుసు" అంటుంది,
అంతకుమించి చెప్పదు.
తరవాత చింతపండు, తాటిబెల్లం,
వేళ్ళకి గుర్తున్నంత ఉప్పు.

నేను నోటుపుస్తకం పట్టుకుని పక్కనే కూర్చున్నాను.
పసుపు ఎంత?
"గిన్నె ఊఁ అనేంత."
నీళ్ళు?
"నిన్నటికంటే కొంచెం తక్కువ."
నిన్న ఎన్ని?
నవ్వింది.
మొదటి పేజీలో కొలతలు లేవు,
పసుపు వేలిముద్రలున్నాయి.

రెండో సీసాకి నానిన బియ్యం, కచ్చోరం.
మూడోది చేదు, నేలవేము, తిప్పతీగ.
అడిగి తాగేవాళ్ళు లేరు దాన్ని,
అవసరపడి తాగేవాళ్ళే.
తాగి మొహం ముడుచుకున్నవాళ్ళకి
అల్లం బెల్లం నీళ్ళు ఒక గుక్క ఉచితం.

ఎనిమిది సీసాలు, వెదురుబుట్ట,
వీపుకి బిగించిన బాతిక్ గుడ్డ.
ఆమె రొంటినున్న నోట్లన్నీ పసుపెక్కి ఉంటాయి.
చిల్లర చేతులు మారి ఎక్కడ తేలినా
బజారుకి తెలుసు, ఎవరి దగ్గర్నించి బయల్దేరిందో.

ఆరున్నరకి జేగంటల కొలిమి.
కంచు బిళ్ళ నిప్పుల్లో ఎర్రబడగానే
నలుగురు, నాలుగు సుత్తులు,
ఒకరి దెబ్బ మీద ఒకరిది పడకుండా.
వగియో కుడి మణికట్టు
గుమ్మడిపిందెలా ఊరింది.
కుర్రాళ్ళు "మావయ్య కండ చూడండ్రా" అన్నారు.
పెద్దమ్మ బొటనవేలితో నొక్కింది. గుంట పడింది,
పూడడానికి చాలాసేపు పట్టింది.
వాపుని చూసి బలుపనుకునేవాళ్ళు
ఏ దేశంలోనైనా ఉంటారు.

ఆ పాకలో మంటలు రెండు.
బొగ్గులది నీళ్ళు పోస్తే చస్తుంది.
రెండోది కీలులో కూర్చుంటుంది.
దానికి పొగ రాదు.
మనిషి నడుం వాల్చాక
లోపల ఎవరో తీరిగ్గా తిత్తి ఊదుతుంటారు.

రోజూ గ్లాసు నింపింది.
బియ్యం, అల్లం, లవంగం మెత్తగా నూరి
పట్టు వేసింది.
పదిహేను రోజులకి కొంత దిగింది.
సుత్తి పట్టగానే మళ్ళీ ఎక్కింది.
"డాక్టరు దగ్గరికీ వెళ్ళు. నాది సర్దిచెప్పడం మాత్రమే.
వినేది వింటుంది, వినంది వినదు."

వానలు దిగిన వారం,
ఒక తెల్లవారుజామున రాయి లేవలేదు.

ముప్పై ఎనిమిదేళ్ళు నూరిన వేళ్ళు,
అల్లం కొమ్ముల్లా కణుపులు కట్టి
ముడుచుకోనంటున్నాయి.
నువ్వెప్పుడైనా తాగావా అని అడిగాను.
"అమ్మే సరుకు" అంది, గోడవైపు తిరిగి.

ఆ రోజు నేనే నూరాను.
నీళ్ళెక్కువయ్యాయి, చింతపిక్కలు మిగిలాయి.
వగియో ఒక్క గుక్క తాగి,
చెవి దగ్గర గంట పట్టుకున్నట్టు తల వంచి,
"అపశ్రుతి" అన్నాడు.

సాయంత్రం మా పెరట్లో దిగాడు,
కుడిచేతికి పట్టు, ఎడమచేతికి రాయి.
ఠంగుమని ఒక్క దెబ్బ. పసుపు గోడకి చిమ్మింది.
"కొట్టకు! నూరు! అది కంచు కాదు!"
పక్కమీంచే అరిచింది పెద్దమ్మ,
నాలుగు రోజుల తరవాత ఆ గొంతు.

వాడు నూరాడు. మోటుగా, వంకరగా,
మధ్యలో మణికట్టు తడుముకుంటూ.
గ్లాసు రెండు అరచేతుల మధ్య ఇరికించుకుని
ఆమె తాగింది.
"బెల్లం తక్కువ."
అయినా అడుగు కనిపించేదాకా తాగింది.

రొంటిన తడిమి రెండువేల రుపియా నోటు తీసింది.
వద్దన్నాడు.
"నేను ఊరికే పోసిందీ లేదు, ఊరికే తాగేదీ లేదు."

మర్నాడు కాఫీబడ్డీలో ఆ నోటు చెల్లింది.
బడ్డీవాడు గల్లాలో వెయ్యబోయి,
ముక్కు దగ్గర పెట్టుకుని,
"ఏం, ఆవిడ ఇవాళ కూడా రాదా?" అన్నాడు.